తీర్మానంలో రాయించు బిడ్డా

నల్లగొండ, రామగిరి.

బిడ్డా,

నువ్వు మిర్యాలగూడ మున్సిపాలిటీలో కౌన్సిలర్‌గా గెలిచిన రోజు రాత్రి ఫోన్ చేస్తే డప్పుల మోతలో ఒక్క ముక్క వినబడలేదు. "తర్వాత మాట్లాడుతా పెద్దనాయనా" అన్నావు. ఆ తర్వాత మొన్న ఆదివారం వచ్చింది. మొదటి మీటింగ్ దగ్గర పడిందట, ఏం మాట్లాడాలో చెప్పమని అడిగావు, గొంతులో టెన్షన్ తెలిసిపోయింది. ఫోన్‌లో తేలే సంగతి కాదని కాగితం తీశాను. ముప్పై ఏళ్లకు పైగా మున్సిపల్ ఆఫీసుల్లో, అందులోనూ ఎక్కువ కాలం కౌన్సిల్ సెక్షన్లో కూర్చున్నవాణ్ని. చేతిలో పెన్ను లేకపోతే నాకు ఆలోచన సాగదు.

మాట్లాడటం గురించి పెద్దగా భయపడకు. అది రెండు మూడు మీటింగుల్లో అదే వస్తుంది. మాట్లాడింది పుస్తకంలో ఎక్కిందా లేదా అన్నదే నేను చెప్పదలుచుకున్నది. సర్వసభ్య సమావేశం అంటే నలభై మందికి పైగా మనుషులు రెండు మూడు గంటలు అరుచుకుంటారు. మధ్యలో చాయ్, సమోసా. మరునాడు పేపర్లో "రసాభాస" అని వస్తుంది. ఆ మూడు గంటల గొడవ మినిట్స్ బుక్కులో, అంటే మీటింగ్‌లో జరిగింది రాసిపెట్టే పుస్తకంలో, ఎంత అవుతుందో తెలుసా? అంశానికి ఒక వాక్యం. "చర్చించి ఆమోదించడమైనది." బిల్లు పాసయ్యేది ఆ వాక్యం మీద. ఆడిట్ వాళ్లు చూసేది ఆ వాక్యం. రేపు కోర్టుకు పోయినా అడిగేది అదే. ఆ వాక్యాలు ఎన్ని వేలు రాశానో నాకే లెక్క లేదు.

నా తప్పు ఒకటి చెబుతాను. ఏ ఊళ్లో జరిగిందో అడగకు. నేను పనిచేసిన ఒక మున్సిపాలిటీలో కూరగాయలు అమ్ముకునే ఒక పెద్దావిడ కౌన్సిలర్‌గా గెలిచింది. సంతకం పెట్టడం తప్ప చదువు లేదు. ఒక మీటింగ్‌లో కల్వర్టు పని ఎజెండాలో వచ్చింది. ఆమె లేచి "ఆ పైపులు సాలవు సారూ, మా వాడ నీళ్లన్నీ అటే పోతయి" అన్నది. ఎస్టిమేట్ అయిపోయిందమ్మా అన్నారు ఇంజినీరు. వెనక వరుసలో ఎవరో నవ్వారు. నేను ఎప్పటిలాగే "ఆమోదించడమైనది" అని రాసి తర్వాతి అంశానికి పోయాను. రెండో ఏడు వానాకాలం ఒక్క రాత్రి కుండపోత పడింది. ఆ వాడలో ఇళ్లలోకి నీళ్లొచ్చి బియ్యం బస్తాలు తడిసిపోయాయి. జనం ఆమె ఇంటి ముందు కూర్చున్నారు, నువ్వు కూడా సంతకం పెట్టినదానివే కదా అని. ఆమె నా దగ్గరికి వచ్చి, "ఆ రోజు నేను చెప్పిన గద సారూ, రాసి ఉంటది గద, ఆ కాగితం ఇయ్యి" అన్నది. పుస్తకం తీశాను. ఆమె సంతకం ఉంది, మాట లేదు. "నాకు సదువు రాదు, నీకొచ్చు గద" అని ఒక్క మాట అని వెళ్లిపోయింది. రిటైరై ఇన్నేళ్లయినా ఆ మాట నా చెవుల్లో నుంచి పోలేదు.

అందుకని నువ్వు చెయ్యవలసింది ఇది. ఏదైనా అంశం మీద నీకు అభ్యంతరం ఉంటే ఇంటి దగ్గరే అర పేజీ రాసుకో. రెండు కాపీలు. ఒకటి మీటింగ్‌కు ముందే కమిషనర్ పేరు మీద ఇన్‌వర్డ్‌లో, అంటే ఆఫీసులో కాగితాలు తీసుకునే చోట ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, నంబర్ వేయించుకో. మీటింగ్‌లో ఆ అంశం వచ్చినప్పుడు లేచి, "ఈ అంశం మీద నా అభ్యంతరం మినిట్స్‌లో నమోదు చేయాలి" అని గట్టిగా అను. గొంతు పెంచనక్కర్లేదు, అక్కడ రాసుకునే మనిషికి వినబడితే చాలు. ఆ మనిషి కళ్లలోకి చూసి చెప్పు. నన్ను ఎవరైనా అట్లా చూసి చెబితే ఒక్కసారి కూడా రాయకుండా ఉండేవాణ్ని కాదు. తర్వాతి మీటింగ్ మొదట్లో పాత మినిట్స్ ఖరారు చేస్తారు. అప్పుడు అందరూ ఫోన్లు చూసుకుంటారు. నువ్వు మాత్రం చదువు, నీ మాట అందులో లేకపోతే అక్కడే అడుగు. ఒకసారి ఖరారయ్యాక మళ్లీ మార్పించడం దేవుడి వల్ల కూడా కాదు.

ఎజెండా ఇంటికి పంపుతారు. పెళ్లిపత్రికలాగా బీరువా మీద పడేయకు. ప్రతి అంశంలో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అన్నది ఉందో లేదో ముందు చూడు. "ఫలానా వార్డులో సీసీ రోడ్డు, మోరీ నిర్మాణం" అని మాత్రమే ఉంటే అది ఎవరి ఇంటి ముందో దేవుడికెరుక. ఫలానా ఇంటి నంబర్ నుంచి ఫలానా ఇంటి నంబర్ వరకు, ఇన్ని మీటర్లు, ఏ నిధి కింద, అంచనా ఎంత, ఇవి రాయమను. సాధారణ నిధులా, కేంద్రం ఇచ్చే ఆర్థిక సంఘం నిధులా అన్నది చిన్న విషయం కాదు. ఒకే గల్లీని రెండు పద్దుల కింద చూపించడానికి వీలు కలిగేది ఇట్లాంటి గుడ్డి అంశాల్లోనే. పోతే, మీటింగ్ మధ్యలో "టేబుల్ ఎజెండా" అని ఒక కాగితం పంచుతారు. నిజంగా అత్యవసరమైనవీ అందులో ఉంటాయి, పగటి వెలుగు పడకూడనివీ ఉంటాయి. చదవడానికి పది నిమిషాలు అడుగు. ఇవ్వకపోతే అడిగావన్న సంగతి రాయించు.

కాగితం చదివాక కాళ్లకు పని చెప్పు. ఆ గల్లీకి నడిచి వెళ్లు, పొద్దున ఏడుకు ముందే. అడుగులు లెక్కపెట్టుకో, ఇంటి దగ్గర ఒకసారి టేపుతో నీ అడుగు ఎంతో కొలిచి పెట్టుకుంటే లెక్క దాదాపు సరిపోతుంది. నల్లా పైపులైను వెయ్యకుండా సీసీ రోడ్డు పోస్తున్నారంటే ఆపు. రోడ్డు పోసిన మూడు నెలలకు పైపు కోసం దాన్నే పగలగొట్టడం మన దగ్గర ఎంత మామూలో నీకు చెప్పాలా? మోరీ వాటం ఎటు ఉందో ఒక చెంబు నీళ్లు పోసి చూడు. ఎంబీలో కొలతలు ఎక్కేటప్పుడు ఇంజినీరు పక్కన నిలబడు. ఎంబీ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం, బిల్లుకు అదే ఆధారం. రోడ్డు అంచున స్కేలు పెట్టి మందం చూడటానికి ఇంజినీరింగ్ చదవాల్సిన పని లేదు. పోసిన రోడ్డుకు మట్టికట్టలు కట్టి రోజూ నీళ్లు నిలబెడుతున్నారో లేదో మాత్రం నువ్వే చూడాలి, కాంట్రాక్టరు మనిషి రెండో రోజుకే మాయమవుతాడు. మిర్యాలగూడలో ఇంకో లెక్క ఉంది. వానాకాలం వడ్లు వచ్చినప్పుడు మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి కదా, ఆ దారుల్లో రోడ్డు పని సీజన్‌కు ముందో తర్వాతో పెట్టించు. పచ్చి కాంక్రీటు మీద వడ్ల ట్రాక్టరు ఎక్కిందంటే ఇక ఎవరినీ అనడానికి ఉండదు.

నీళ్ల సంగతి వేరుగా చెప్పాలి. నల్లగొండవాణ్ని కాబట్టి నాకు ఇది కొంచెం ఎక్కువే పట్టింపు. నీళ్లలో ఫ్లోరైడ్‌తో పళ్లు పసుపు పచ్చబడి, నడుములు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగాం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే వాడుతుంది, నల్లగొండ టెక్నిక్ అని. అదేం సంతోషపడే కీర్తి కాదు. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి కాబట్టి జనం ఆ మాటే మరచిపోయారు. కానీ నల్లా రాని రోజు బోరు నీళ్లు పట్టుకుంటారు కదా. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్ ఉండాలి, వేరే దిక్కు లేనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. నీ వార్డులో ఉన్న ప్రతి బోరుకూ పరీక్ష రిపోర్టు అడుగు. నల్లా నీళ్లకైతే లైన్‌మన్ దగ్గర నీళ్లలో క్లోరిన్ ఎంత ఉందో చూసే క్లోరోస్కోప్ ఉంటుంది, చిన్న గాజు గొట్టం, మందు చుక్క వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. పరీక్ష ట్యాంకు దగ్గర చేయించకు, లైను చిట్టచివరి ఇంట్లో చేయించు. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ రావాలి. రాలేదంటే మధ్యలో ఎక్కడో పైపు పగిలి మోరీ నీళ్లు కలుస్తున్నాయేమో వెతకాలి. అట్లాంటి ఇల్లు ఒకటి దొరికితే తేదీ, టైము, ఇంటి నంబర్ నోటుబుక్కులో రాసుకో. "మా వార్డులో నీళ్లు బాగలేవు" అంటే ఎవరూ కదలరు, ఆ మూడూ చెబితే మధ్యాహ్నానికల్లా మనిషి వస్తాడు.

అల్లుడుగారికి కోపం రాకుండా ఒక మాట. సగం సీట్లు ఆడవాళ్లకు చట్టం ఇచ్చింది, కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వెయ్యమని అందులో ఎక్కడా లేదు. ఆయన మంచివాడు, పదిమందిలో తిరుగుతాడు, ఓట్ల రోజుల్లో ఆయన కష్టం నాకు తెలుసు. అయినా కౌన్సిలర్ ఫోన్ నీ చేతిలోనే ఉండాలి. ఫోన్ ఆయన ఎత్తితే వారం రోజుల్లో ఆఫీసువాళ్లు నిన్ను అడగడం మానేస్తారు. ఖాళీ కాగితం మీద, చదవని ఫైలు మీద నీ సంతకం పడకూడదు, తెచ్చింది ఆయనైనా సరే. సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఎజెండా చదువుకోండి, అది వేరే.

ఇంకొకటి, నీ పేరు మీద డబ్బులు అడిగేవాళ్లు ఈపాటికే తయారై ఉంటారు. ఎవరో ఇల్లు కట్టుకుంటూ ఇసుక దింపగానే, "కౌన్సిలరమ్మకు ఇంత, టౌన్ ప్లానింగ్‌లో ఇంత" అని ఒకడు వెళ్తాడు. నీకు తెలియదు, నీకు అందదు, చెడ్డపేరు మాత్రం నీది. దీనికి మందు ముందే జనానికి చెప్పడం. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ఫ్లోరు, దాని మీద ఒక అంతస్తు వరకు అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే సరిపోతుంది. ఈ సంగతి రేషన్ షాపు దగ్గర, హనుమాన్ గుడి దగ్గర, మసీదు సందులో నీ నోటితో నువ్వే చెప్పు. "నా పేరు చెప్పి ఎవరైనా అడిగితే నాకే ఫోన్ చెయ్యండి" అను. అట్లాగే ఇంటి పన్ను తగ్గించమని వస్తారు. అది నీ చేతిలో లేదని మొహం మీదే చెప్పెయ్యి, ఏప్రిల్‌లో కడితే 5 శాతం రాయితీ వస్తుందని మాత్రం గుర్తు చెయ్యి.

వార్డు కమిటీలు నాలుగు ఉంటాయి, యువకులవి, మహిళలవి, పెద్దవాళ్లవి, ఊళ్లో పేరున్నవాళ్లవి. ఒక్కోదానిలో పదిహేను మంది. చాలాచోట్ల ఇవి రిజిస్టర్‌లోనే బతుకుతాయి. మొత్తం అరవై మందిని పట్టుకురావడం నీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. ముసలివాళ్ల కమిటీని మాత్రం వదలకు, వాళ్లకు టైము ఉంటుంది, ఏ మోరీ ఎప్పుడు కట్టారో, పాత వాగు ఎటు పారేదో వాళ్లకే తెలుసు. మొక్కల సంగతి నవ్వులాట అనుకోకు. నాటినవాటిలో 85 శాతం బతకాలని, లేకపోతే వార్డు సభ్యుల పదవికే ఎసరని ఆ 2019 చట్టంలోనే రాసి ఉంది. బతికించగలిగినన్నే నాటించుకో.

సఫాయి వాళ్ల దగ్గరికి తెల్లవారుజామున మస్టర్ టైముకు, అంటే హాజరు వేసే వేళకు ఒకసారి వెళ్లు. వాళ్లకు గ్లౌజులు, చెప్పులు అందాయా, జీతం ఏ తారీఖున పడిందో అడుగు. ఫొటోగ్రాఫర్‌ను తీసుకుపోకు. చెత్త బండి రాలేదని జనం ముందు వాళ్లను అరిచావంటే మాత్రం నేను నీతో మాట్లాడను.

2020లో గెలిచిన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో ముగిసింది, ఆ తర్వాత ప్రత్యేకాధికారులే ఫైళ్లు నడిపారు. ఆ కాలంలో మీ వార్డులో మంజూరైన పనుల జాబితా ముందుగా అడిగి తీసుకో, ఏది అయింది, ఏది సగంలో ఉంది, దేనికి బిల్లు పోయింది. నోటి మాటగా అడగకు, రాసి ఇవ్వు. "చూస్తామమ్మా" అని తిప్పితే మామూలు మనిషిలాగా పది రూపాయలు కట్టి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు, ముప్పై రోజుల్లో ఇవ్వాలి. కౌన్సిలర్ అయ్యుండి అదేంటని నవ్వుతారు. నవ్వనీ.

నా పాత నోటుబుక్కు ఒకటి బస్సు డ్రైవర్‌తో పంపుతున్నాను, అట్ట చిరిగింది, లోపల సగం ఖాళీగానే ఉంది. ఎజెండా వచ్చిన రోజే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. కళ్లజోడు మొన్ననే మార్పించాను, చిన్న అక్షరాలు కూడా బాగానే కనబడుతున్నాయి.

మీ పెద్దనాయన