అయ్యగారికి 81 పౌండ్లు, బిషప్ గారికి 19 వేలు!

ప్రశ్న: పాత ఇంగ్లిష్ నవలల్లో ఒకాయన రెక్టర్, ఇంకొకాయన వికార్, మరొకాయన క్యూరేట్. ఒకరు గుర్రమెక్కి వేటకెళ్తారు, ఒకరు చిరిగిన కోటుతో తిరుగుతారు. అందరూ చర్చి అయ్యగార్లే కదా, ఇంత తేడా ఏంటి? ఎప్పుడు మారింది?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: తేడా అంతా దశమభాగం దగ్గరే ఉందండీ. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఊళ్లో పండిన దాంట్లో పదో వంతు (అదే దశమభాగం) అధికారిక చర్చి అయిన ఇంగ్లండ్ చర్చికి ఇవ్వాల్సిందే, మీరు ఆ చర్చి గడప తొక్కినా తొక్కకపోయినా. అది మొత్తం చేతికొస్తే రెక్టర్. ధాన్యం వాటా ఏ భూస్వామికో కాలేజీకో పోయి, చిన్నాచితకా వాటా మాత్రమే మిగిలితే వికార్. క్యూరేట్ అయితే ఉత్త జీతగాడు. ఒకే పెద్దమనిషి రెండు మూడు చర్చీల ఆదాయం తింటూ, తను ఎక్కడో పట్నంలో ఉండి, ఊళ్లో ప్రార్థనలకూ సమాధులకూ క్యూరేట్‌ని పెట్టేవాడు. 1830ల్లో ప్రభుత్వ కమిషన్ లెక్క తీస్తే క్యూరేట్ సగటు జీతం ఏడాదికి 81 పౌండ్లు, డరమ్ బిషప్ ఆదాయం దాదాపు 19 వేలు!

సంస్కరణ భక్తితో వచ్చిందని నేననుకోను, భయంతో వచ్చింది. ఓటు హక్కు పెంచే బిల్లుకి 1831 అక్టోబరులో ప్రభువుల సభలో (పార్లమెంటు పైసభలో) 21 మంది బిషప్పులు అడ్డుపడ్డారు. అదే నెలలో బ్రిస్టల్‌లో జనం బిషప్ గారి భవనాన్నే తగలబెట్టేశారు. అప్పుడు కదిలింది ప్రభుత్వం. 1836లో డరమ్ బిషప్ ఆదాయానికి 8 వేల పరిమితి పెట్టారు, దశమభాగాన్ని ధాన్యం బదులు డబ్బుగా మార్చారు (గోధుమ, బార్లీ, ఓట్స్ ఏడేళ్ల సగటు ధరని బట్టి). 1838 చట్టంతో ఒక అయ్యగారు రెండుకి మించి చర్చీలు పెట్టుకోకూడదన్నారు, అవి కూడా పది మైళ్ల లోపే ఉండాలన్నారు.

అందరూ చప్పట్లు కొట్టలేదు. ఐర్లండ్‌లో పది బిషప్ పదవులు ఎత్తేస్తామంటే, చర్చిలో వేలు పెట్టడానికి ప్రభుత్వం ఎవరని 1833లో జాన్ కీబుల్ అనే అయ్యగారు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రసంగించాడు. చర్చి పాత సంప్రదాయాన్నీ అధికారాన్నీ నిలబెట్టాలన్న ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం అక్కడే మొదలైందంటారు. నాకైతే వాళ్ల వాదన కంటే, అయ్యగారి పని సీరియస్‌గా చేయాలన్న వాళ్ల పట్టుదలే ఎక్కువ నచ్చుతుంది. అంతకుముందు డిగ్రీ ఉంటే చాలు, ఆ తర్వాత ట్రైనింగ్ కాలేజీలు వచ్చాయి: చిచెస్టర్ 1839, వెల్స్ 1840.

మరోపక్క ఊరిమీద చర్చి పెత్తనం కొంచెం కొంచెంగా జారిపోయింది. జనన మరణాల రిజిస్టర్ 1837లో ప్రభుత్వానికి వెళ్లింది, చర్చి పన్ను కట్టాలన్న నిర్బంధం 1868లో పోయింది, 1894లో గ్రామ పాలన ఎన్నికైన కౌన్సిళ్ల చేతికొచ్చింది. పెత్తనం లేకపోయినా మంచి అయ్యగారికి చేతినిండా పనే. నవలలు రాసిన బ్రాంటీ సోదరీమణుల తండ్రి ప్యాట్రిక్ బ్రాంటీనే చూడండి, తను అయ్యగారుగా ఉన్న హావర్త్ ఊళ్లో మంచినీళ్ల కోసం లండన్‌కి అర్జీల మీద అర్జీలు పెట్టాడు. 1850లో ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే, ఊళ్లో చనిపోయేవాళ్ల సగటు వయసు 25.8 ఏళ్లు, నూటికి 41 మందికి పైగా ఆరేళ్లు నిండకుండానే పోతున్నారు.

ప్రశ్న: మన దగ్గరికి వచ్చిన మిషనరీలు కూడా ఈ దశమభాగాల మీదే బతికారా?
– మరో పాఠకుడు, గుడివాడ

జవాబు: లేదు. 1841లో మచిలీపట్నం వచ్చిన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ ఇదే ఇంగ్లండ్ చర్చి అయ్యగార్లే, కానీ వాళ్లని పంపింది చర్చి మిషనరీ సొసైటీ, అది విరాళాలతో నడిచేది. 1843లో నోబుల్ పెట్టిన బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది.