తుడిచే ముందు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి

ఇంగ్లండ్‌లో ఆదివారం సంతలో చిన్న సముద్రతీరం ఆయిల్ పెయింటింగ్ కొన్నానని, పందొమ్మిదో శతాబ్దపుదన్నారని, ఆకాశమంతా పసుపురంగుకు తిరిగింది కాబట్టి సబ్బునీళ్లతో తుడవొచ్చా అని అడిగారు.

దయచేసి తుడవకండి. ఏడేళ్ల క్రితం నేను ఆ పనే చేశాను. నాదీ అలాంటిదే: ఒడ్డున రెండు పడవలు, దూరంగా ఒక తెరచాప. మెత్తటి పాత పంచె ముక్క తడిపి, గట్టిగా పిండి మరీ రుద్దాను. గుడ్డకు గోధుమరంగు అంటుతుంటే మురికి వదులుతోందనుకున్నాను. తీరా చూస్తే తెరచాప కొయ్యకు కట్టిన తాళ్లు లేవు. వెంట్రుకంత సన్నటి గీతలవి. అన్నేళ్లు నిలిచినవి నా చేతిలో రెండు నిమిషాల్లో పోయాయి. ఇప్పటికీ ఆ పడవ వైపు చూడాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ పసుపురంగు చాలావరకు పైన పూసిన వార్నిష్‌ది. అప్పట్లో మాస్టిక్, డామర్ లాంటి చెట్ల బంకలతో చేసేవారు, ఏళ్లు గడిచేకొద్దీ పసుపురంగుకు తిరుగుతుంది. నీళ్లకు అది పోదు. నీళ్లు మాత్రం పగుళ్లలోంచి దిగి కింద పట్టించిన జిగురును ఉబ్బిస్తాయి, రంగు పెచ్చులుగా లేస్తుంది. వీడియోల్లో చూపించే బంగాళాదుంప, బ్రెడ్డు చిట్కాలూ వద్దు.

ముందు భూతద్దం పెట్టి చూడండి. మన ఇళ్లలో దేవుడి గూట్లో ఉండే పాత రవివర్మ ప్రెస్ లక్ష్మీ, సరస్వతి పటాల్లా చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ఒలియోగ్రాఫ్, అంటే అచ్చు బొమ్మ. యూరప్‌లోనూ అప్పట్లో అవి విపరీతంగా అమ్ముడయ్యేవి.

ఆ తర్వాత వెనక్కి తిప్పండి, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. విన్సర్ అండ్ న్యూటన్, రాత్‌బోన్ ప్లేస్ (లండన్‌లో ఒక వీధి) లాంటి ముద్ర కనిపిస్తే అది చిత్రకారుడి పేరు కాదు, సరుకు అమ్మిన రంగుల దుకాణానిది. ఆ దుకాణం 1832లో మొదలైంది కాబట్టి బొమ్మ అంతకంటే పాతది కాదని తేలిపోతుంది.

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1824లో బ్రైటన్ ఒడ్డున కాగితం మీద వేసిన ఆయిల్ ఒకటి ఉంది. దాదాపు 15 సెంటీమీటర్ల ఎత్తు, 25 వెడల్పు. బొగ్గు ఓడలు, తడి ఒడ్డు, సాయంకాలపు వెలుగు. దాని వెనక ఆయనే రాసుకున్నాడు: జూలై 19 సాయంత్రం, పోటు తగ్గి ఒడ్డు తడిగా ఉందని, ఆ రోజు మరియా పుట్టినరోజని. మరియా ఆయన కూతురు, ఆ రోజుకు ఐదేళ్లు నిండాయి. అది తెలిశాక ఆ తడి ఒడ్డు నాకు వేరుగా కనబడింది.

నా బొమ్మ వెనకా పెన్సిల్ రాత ఉంది. తుడిచిన ఆర్నెల్లకు గాని చూడలేదు.

ప్రస్తుతానికి హీటర్ పైన తగిలించకండి. శుభ్రం చేయించాలంటే పెయింటింగుల కన్జర్వేషన్, అంటే పాత బొమ్మల్ని చెడకుండా కాపాడే పని, చదువుకున్నవాళ్లకే ఇవ్వండి, ఫ్రేములు కట్టేవాళ్లకు కాదు. వెనకవైపు ఫోటో కూడా పెట్టండి, అంచుల్లో మేకులు కనిపించేలా.