సంతకం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్టేనా?

ప్రశ్న: గర్భనిరోధక మాత్రను తొలిసారి పెద్ద ఎత్తున, అమెరికా ఏలుబడిలో ఉన్న కరీబియన్ ద్వీపం పోర్టోరికోలోని పేద స్త్రీల మీద పరీక్షించారని, అదే ద్వీపంలో వేలాది స్త్రీలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారని చదివాను. ఆ స్త్రీలు తమంతట తామే వచ్చారని, సంతకాలు కూడా చేశారని కొందరు అంటారు. పైగా ఆ మాత్ర తరువాత కోట్లాది మందికి మేలు చేసింది. అటువంటప్పుడు దీన్ని బలవంతం అనవచ్చునా?

జవాబు: మీరు చదివింది నిజమే. 1956లో పోర్టోరికో రాజధాని సాన్ హువాన్‌లో భాగమైన రియో పియెద్రాస్‌లో, ప్రభుత్వం కట్టించిన ఇళ్ల సముదాయంలో ఆ పరీక్షలు మొదలయ్యాయి. వాటిని నడిపించిన శాస్త్రవేత్త గ్రెగరీ పింకస్, వైద్యుడు జాన్ రాక్ ఇద్దరూ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో పనిచేసేవారు. అక్కడ అప్పట్లో గర్భనిరోధక సాధనాలు పంచడమే నేరం. పోర్టోరికోలో అది 1937 నుంచి చట్టసమ్మతం కావడంతో, కుటుంబ నియంత్రణ క్లినిక్కులు అప్పటికే పనిచేస్తూ ఉండేవి.

స్త్రీలు ఇష్టపడే వచ్చారన్న మాటను నేను కాదనను. మరో కాన్పు వద్దనుకుంటున్న తల్లికి, రోజుకొక మాత్రతో గర్భం రాదని చెబితే ఆశ కలగకుండా ఎలా ఉంటుంది? అయితే ఆ మాత్ర ఇంకా పరీక్షలోనే ఉందని గాని, దానివల్ల కలిగే కీడు ఏమిటో తమ శరీరాల మీదే తేలబోతున్నదని గాని వారికి చెప్పలేదు. అప్పటి మాత్రలో హార్మోన్ల మోతాదు నేటి మాత్రల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ పరీక్షలను దగ్గరుండి చూసిన డాక్టర్ ఈడ్రిస్ రైస్‌-రే, మాత్ర గర్భాన్ని పూర్తిగా ఆపుతున్న మాట నిజమే అయినా, 17 శాతం మందికి వికారం, తలతిరుగుడు, తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు వచ్చాయని, ఇన్ని బాధలున్న మందును ఆమోదించలేమని నివేదిక రాశారు. పింకస్, రాక్ ఆ బాధల్లో చాలావరకు మనసు కల్పించుకున్నవేనని కొట్టిపారేశారు. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ ఘట్టమే. స్త్రీలు తమ బాధ చెప్పుకున్నారు, ఒక వైద్యురాలు దాన్ని విని కాగితం మీద పెట్టింది, అయినా ఆ సాక్ష్యానికి విలువ దక్కలేదు. గర్భనిరోధకంగా ఆ మాత్రకు అమెరికాలో 1960లో అనుమతి లభించింది. అపాయాలను వివరించే కాగితం పెట్టెలో కనబడడానికి 1970లో సెనేట్ విచారణ దాకా ఆగవలసి వచ్చింది. మాత్ర తరువాత చేసిన మేలు వాస్తవమే. కాని తెలియకుండా దాని మూల్యం చెల్లించినవారి బాకీ ఆ మేలుతో తీరదు.

ఇక ఆపరేషన్ల విషయం. పోర్టోరికోలో 1937లో వచ్చిన 116వ చట్టం, సంతానానికి తగనివారని ఒక బోర్డు తేల్చినవారికి పిల్లలు పుట్టకుండా చేసే అధికారాన్ని ఇచ్చింది. 1960లో దాన్ని రద్దు చేశారు. అయితే బోర్డు ఆదేశంతో జరిగినవి చాలా కొద్ది. అత్యధికం ఆస్పత్రుల్లో, తరచు కాన్పు అయిన వెంటనే జరిగాయి. 1965 నాటి సర్వేలో 20 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న తల్లుల్లో దాదాపు మూడో వంతు మందికి ఆపరేషన్ అయినట్లు తేలింది. వారిలో కోరి చేయించుకున్నవారు ఎందరో ఉన్నారు. కాని మరో మార్గం అందుబాటులో లేనప్పుడు, ఇది తిరిగి సరిచేయలేనిదని స్పష్టంగా చెప్పనప్పుడు, ఆ కోరికను పూర్తి స్వేచ్ఛతో చేసిన ఎంపికగా లెక్కించడం న్యాయం కాదు.

మీరు సంతకం గురించి అడిగారు. 1973లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, మోంట్‌గోమరీ నగరంలో, ప్రభుత్వ నిధులతో నడిచే క్లినిక్ ద్వారా 14, 12 ఏళ్ల ఇద్దరు నల్లజాతి అక్కచెల్లెళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు. అంతకుముందు వారికి గర్భనిరోధక ఇంజక్షన్లు ఇస్తుండేవారు. చదువురాని ఆ తల్లి, ఇదీ ఆ ఇంజక్షన్ల కోసమేననుకుని కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టింది. ఆ గుర్తు కాగితం మీద చెక్కుచెదరకుండా ఉంది, కాని ఆమె దేనికి ఒప్పుకున్నదో అది ఆ కాగితంలో లేదు. ఆ కేసు విచారించిన ఫెడరల్ జడ్జి 1974లో, ప్రభుత్వ నిధులతో ఏటా లక్ష నుంచి లక్షన్నర మంది పేదలకు ఇటువంటి ఆపరేషన్లు జరుగుతున్నాయని, ఒప్పుకోకపోతే ప్రభుత్వ సాయం ఆగిపోతుందన్న బెదిరింపుతో కొందరిని లొంగదీశారని నమోదు చేశారు. సంతకం లేదా వేలిముద్ర పెట్టిన చేతికి కాదనే దారి కూడా ఉన్నదా అన్నదే బలవంతానికి అసలు కొలత.

లాస్ ఏంజెలెస్‌లో పురిటినొప్పులు పడుతుండగా తమకు రాని ఇంగ్లిషులో ఉన్న పత్రాల మీద సంతకాలు పెట్టించారని మెక్సికన్ మూలాలున్న పదిమంది స్త్రీలు కోర్టుకెక్కి, 1978లో ఓడిపోయారు. అదే ఏడాది ఫెడరల్ నిబంధనలు మాత్రం కట్టుదిట్టమయ్యాయి. ప్రభుత్వ నిధులతో చేసే ఆపరేషన్‌కు కనీస వయసు 21 ఏళ్లని, సంతకానికీ ఆపరేషన్‌కూ మధ్య మామూలుగా 30 రోజుల గడువు ఉండాలని, వివరాలు ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో చెప్పాలని, వద్దంటే ఏ సాయమూ ఆగదని ముందే తెలపాలని అవి ఆదేశించాయి.