అవుట్‌సోర్సింగ్ పోస్ట్‌కి రెండు లక్షలు కట్టే ముందు

ఒక అమ్మ అడిగిన ప్రశ్న: మేడం, మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. మా బాబు బీఎస్సీ కెమిస్ట్రీ అయిపోయి ఏడాదైంది. గవర్నమెంట్ ఆఫీసులో డేటా ఎంట్రీ, అవుట్‌సోర్సింగ్ పోస్ట్, జీతం 19,500. ఏజెన్సీ వాళ్ళు రెండు లక్షలు అడుగుతున్నారు, రేపు పర్మనెంట్ అవుతుందంటున్నారు. జడ్చర్లలో ఫార్మా కంపెనీ వాళ్ళు ట్రైనీగా 17,000కి రమ్మన్నారు, బాబు దానికే పోతానంటున్నాడు. ఏది మంచిది?

అమ్మా, ఊరు పేరు మారుతుందేమో గానీ ఈ ప్రశ్న నాకు ప్రతి నెలా వస్తూనే ఉంటుంది. చుట్టాలు అడిగితే "గవర్నమెంట్ ఆఫీసులో చేస్తున్నాడు" అని చెప్పుకోవాలని, రేపు సంబంధాలు మాట్లాడేటప్పుడు ఆ మాట అక్కరకొస్తుందని మీ ఆశ. కొడుక్కి నలుగురిలో మర్యాద ఉండాలనుకోవడం తప్పేం కాదు. అయితే ఆ మర్యాద అక్కడ దొరుకుతుందా అనేది నాకు పెద్ద అనుమానం.

పోయినేడాది ఒకమ్మాయి నా దగ్గరికొచ్చింది, ఒక ఆఫీసులో ఆరేళ్ళుగా అవుట్‌సోర్సింగ్‌లో చేస్తోంది, సెక్షన్ పని సగం తన మీదే నడుస్తుంది. హాజరు రిజిస్టర్‌లో రెగ్యులర్ వాళ్ళ పేర్లు ఇంకుతో ఉంటాయి, తన పేరు చివర్లో పెన్సిల్‌తో రాస్తారంట. జీతం మూడు నెలలకోసారి పడుతుంది, అడిగితే ఆఫీసు వాళ్ళు ఏజెన్సీని అడగమంటారు, ఏజెన్సీ వాళ్ళు బిల్లు పాస్ కాలేదంటారు. నా ముందే ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూస్తే పదకొండు నెలలుగా ఒక్క రూపాయి జమ లేదు, జీతంలో కటింగ్ మాత్రం ప్రతిసారీ అయ్యింది. ఆ పిల్ల ఏడవలేదు, ఫోన్ మూసి బ్యాగులో పెట్టుకుంది, నాకే మాట రాలేదు.

ఇది ఒక్క ఏజెన్సీ దుర్మార్గం అనుకోకండి, పద్ధతే అలా ఉంది. పోస్ట్ మంజూరు చేసి నోటిఫికేషన్ ఇవ్వకుండా మధ్యలో ఏజెన్సీని పెడితే పని గవర్నమెంట్‌ది, మనిషి మాత్రం ఎవరికీ చెందడు. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న వాళ్ళే ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం నుంచీ ఉంది, అది అడిగితే రెన్యువల్‌లో పేరు ఎగిరిపోతుందని ఎవరూ నోరు విప్పరు.

పర్మనెంట్ సంగతి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణలో 5,544 మందిని రెగ్యులర్ చేశారు కదా అని అందరూ దాన్నే చూపిస్తారు. వాళ్ళు కాంట్రాక్ట్ ఉద్యోగులమ్మా, మంజూరైన పోస్టుల్లో, 2014 జూన్ 2 నాటికే పనిలో ఉన్నవాళ్ళు. మీ బాబుది ఏజెన్సీ పోస్ట్, ఆ లెక్కే వేరు. పైగా 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, సరైన పద్ధతిలో నియామకం కాకుండా తాత్కాలికంగా చేరినవాళ్ళకి, ఏళ్ళ తరబడి చేశాం కాబట్టి రెగ్యులర్ చేయమని అడిగే హక్కు రాదని.

ఇక రెండు లక్షలు. కోపం తెచ్చుకోకండి, మిమ్మల్ని ఇక్కడ గట్టిగానే అనాలి. అది లంచం. రసీదు ఉండదు, పోస్ట్ పోతే తిరిగి రాదు, నెలకి 19,500లో కటింగులు పోగా ఆ అప్పు తీరడానికే ఏళ్ళు పడుతుంది. పిల్లాడు కష్టపడి పని చేస్తానని నోరు తెరిచి చెప్తుంటే వాడి మాట పక్కనపెట్టి ఎవరో బ్రోకర్ మాట నమ్ముతారా?

పోనీ కంపెనీ అంతా బంగారమా అంటే కాదు. 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీలో పేలుడు మీరు టీవీలో చూసే ఉంటారు, పోయినవాళ్ళలో చాలామంది వేరే రాష్ట్రాల నుంచి పొట్టకూటికొచ్చిన కార్మికులు. మీ భయం నాకు అర్థమవుతుంది. అందుకే బాబు ఏ బ్లాకులో చేస్తాడు, సేఫ్టీ ట్రైనింగ్ ఎన్ని రోజులు, షిఫ్ట్ ఎన్ని గంటలు అని అడిగించండి, అడిగితే ఉద్యోగం పోదు. కంపెనీ రోల్స్ మీదే తీసుకుంటున్నారా, కాంట్రాక్టర్ కిందా అనేది మాత్రం తప్పక తేల్చుకోండి, కాంట్రాక్టర్ కిందైతే మీరు తప్పించుకున్న కష్టమే అక్కడ ఎదురొస్తుంది. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి, వాటి ప్రకారం ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, నెల జీతం తర్వాతి నెల 7వ తారీఖు లోపు పడాలి, ఫిక్స్‌డ్ టర్మ్ మీద, అంటే ఇంత కాలానికే అని రాసుకుని చేరినా ఏడాది నిండితే గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు ఇచ్చే డబ్బు, లెక్కలోకొస్తుంది. 21,000 లోపు జీతం కాబట్టి ఈఎస్ఐ కార్డు కూడా అడగండి, మీకు ఒంట్లో బాగోకపోతే మీకూ పనికొస్తుంది.

17,000 తక్కువే, కాదనను. కానీ బాబుకి ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు, రెండేళ్ళు ప్రొడక్షన్‌లోనో క్వాలిటీలోనో చేస్తే ఆ అనుభవం చూపించి వేరే కంపెనీకి మారొచ్చు, గ్రూప్స్ రాయాలనుంటే చదువుకుంటూ రాయొచ్చు. ఏడాది ఖాళీగా ఉన్నాడని దిగులు పడకండి, వాడు దారి తప్పలేదు, మీకంటే ముందే ఒక దారి చూసుకున్నాడు.

బ్రోకర్‌కి ఏ మాటా ఇవ్వకుండా ఈ వారంలో ఒకరోజు బాబుని తీసుకుని జడ్చర్ల బస్సెక్కండి. షిఫ్ట్ మారే టైంకి ఆ కంపెనీ గేటు దగ్గర నిలబడి, బయటికొచ్చే పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని ఆపి అడగండి: ఐడీ కార్డు మీద ఎవరి పేరుంది, జీతం ఏ తారీఖున పడుతుంది అని. వాళ్ళేం చెప్పారో నాకు రాయండి.