వాళ్ళకు తెలియని ముగింపు

మాంబళం, చెన్నై

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఇచ్చి వెళ్ళిన నవల చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. బ్రిటిషువాళ్ళ మీద తిరగబడిన మన్యం పితూరీలో కలిసి నడిచిన ఇద్దరు స్నేహితుల్లో ఒకడి మూలంగా మరొకడు పట్టుబడే కథను ఎన్నుకోవడం నాకు నచ్చింది. అయితే మొదటి అధ్యాయంలోనే, రెండేళ్ళలో తమలో ఒకరు మిగలరని వాళ్ళకు తెలియదంటూ ఒక వాక్యం రాశావు, దాన్ని ముందు కొట్టివేయి. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారన్న సంగతి పాఠకుడికి తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా నుంచి తుపాకులు మోసుకుపోతున్నవాళ్ళు మాత్రం గెలిచినవాళ్ళు. ఆ రాత్రి వాళ్ళ సంబరాన్ని నువ్వు కడుపునిండా రాయకపోతే చివర పోయిందేమిటో చదివేవాడికి అందదు.

రెండో స్నేహితుడు డబ్బుకు ఆశపడి సమాచారం చెప్పాడని రాశావు. అలాంటివాళ్ళు లేకపోలేదు, కానీ వాడి మీద అసహ్యం పుట్టగానే పాఠకుడి దుఃఖం తీరిపోతుంది. ఫ్రెంచి విప్లవంలో నాయకుడు రోబెస్పియర్, పత్రికా రచయిత కమీయ్ దెమూలాఁల సంగతి చూడు. ఇద్దరూ పారిస్‌లో ఒకే బడిలో చదువుకున్నారు. 1790 డిసెంబరులో కమీయ్ పెళ్ళికి రోబెస్పియర్ సాక్షిగా నిలిచాడు. 1793 చివర, విప్లవం పేరిట తలలు తెగుతుంటే, కమీయ్ తన పత్రికలో కరుణ చూపమని రాయసాగాడు. మరుసటి జనవరి 7న విప్లవకారుల సంఘమైన జాకోబిన్ క్లబ్బులో అందరూ అతని మీద విరుచుకుపడినప్పుడు, రోబెస్పియర్ అతన్ని తెలిసీ తెలియని పిల్లవాడిగా చూపి, పత్రిక ప్రతులను తగలబెడితే చాలన్నాడు. అది స్నేహితుణ్ణి తప్పించడానికి తెరిచిన దారి. కమీయ్ ఊరుకోలేక, తగలబెట్టడం జవాబు కాదని రూసో మాటను తిప్పికొట్టాడు. తత్వవేత్త రూసో రోబెస్పియర్‌కు ఆరాధ్యుడు. ఏ మాటల పదును కోసం స్నేహితులు అతన్ని ముద్దుచేశారో ఆ పదునే ఆ దారిని మూసివేసింది. ఏప్రిల్ 5న కమీయ్ తల తెగింది, 13న అతని భార్య లూసీల్‌ది, జూలై 28న రోబెస్పియర్‌ది. నీ కథలో అలాంటి మాట ఒక్కటి ఉండాలమ్మా, అన్నవాడు న్యాయంగానే అన్నాడనిపించేది, విన్నవాడు క్షమించలేనిది.

మన దేశంలోనే ఇంకొకటి ఉంది, అది తలచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. కేంద్ర శాసనసభలో బాంబు వేయడానికి వాళ్ళ విప్లవ సంఘం మొదట భగత్‌సింగ్‌ను వద్దన్నది, పోలీసు అధికారి సాండర్స్ హత్య కేసు ఉండగా పట్టుబడితే ఉరి తప్పదని. అతని ప్రాణస్నేహితుడు సుఖదేవ్ ఒప్పుకోలేదు, ఆ పనికి తగినవాడు అతనేనని నమ్మి, నిష్ఠూరమాడి మరీ నిర్ణయం మార్పించాడు. 1931 మార్చి 23న రాజ్‌గురుతో పాటు ఇద్దరినీ ఒకేసారి ఉరితీశారు. ప్రాణస్నేహితుణ్ణి తానే ముందుకు తోసినవాడి మనసు నువ్వు రాయగలిగితే, డబ్బు సంచీతో నీకు పనే ఉండదు.

విభేదం వచ్చిన ప్రతిచోటా స్నేహం విరగాలని కూడా లేదు. కాకోరీ దగ్గర రైలు ఆపి ఖజానా దోచుకోవడం తొందరపాటని అష్ఫాఖుల్లా ఖాన్ వాదించాడు, ఓడిపోయాడు, అయినా రామ్‌ప్రసాద్ బిస్మిల్ వెంట వెళ్ళాడు. 1927 డిసెంబరు 19న వాళ్ళిద్దరినీ వేరువేరు జైళ్ళలో ఉరితీశారు.

ఎగ్మూరులోని ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయానికి తప్పక వెళ్ళు. ఆనాటి మన్యం మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి అప్పటి ప్రభుత్వ కాగితాలు ఈ ఊళ్ళోనే వెతకాలి. అయితే పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలంలోని భాషను నీ పాత్రల నోట పెట్టకు. లాఠీ పక్కన ఉన్నప్పుడు మనిషి మాట్లాడేది తన మాట కాదు. వాళ్ళు చోడి అంబలి పంచుకున్నప్పటి మాటలు, డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి కూలి ఎగ్గొట్టినప్పుడు తిట్టుకున్న మాటలు నువ్వే వెతికి పట్టుకోవాలి.

బ్రతికినవాడిని చివరి పేజీలో అలా వదిలేయకు. సీతారామరాజు అనుచరుడు గాం గంటందొరను 1924లో చంపేశారు. తమ్ముడు మల్లుదొర శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. నీ రెండోవాడికి కూడా అన్నేళ్ళ జీవితం ఇచ్చి చూడు. ఆ అధ్యాయం రాసుకుని ఆదివారం పొద్దున్నే రా, ఇద్దరం కూర్చుని పైకి చదువుదాం.

ఇట్లు,
మీ పెదనాన్న