లివర్ లాగినా తిరగని డోజర్

ప్రశ్న: మా పాత డోజర్ నాలుగేళ్లు ఆరుబయటే ఉండిపోయింది. ఇంజిన్ సులువుగానే స్టార్టయింది. ఎడమకు బాగానే తిరుగుతోంది. కుడి లివర్ ఎంత లాగినా మాత్రం నేరుగానే పోతోంది. కుడి బ్రేకు తొక్కితే ఇంజిన్ మూలిగి ఆగిపోతోంది. కుడి చైనుకు ఇంజిన్ శక్తిని అందించే, ఆపే స్టీరింగ్ క్లచ్ పట్టేసింది, విప్పాల్సిందే అంటున్నారు. తప్పదా?
– ఒక పాఠకుడు

జవాబు: అప్పుడే పానాలు బయటికి తీయకండి. ముందు లివర్ లాగి చూడండి. బరువేమీ తగలకుండా వదులుగా వచ్చేస్తే లోపం లివర్‌ను క్లచ్‌కు కలిపే లింకేజీలోనో అడ్జస్ట్‌మెంట్‌లోనో ఉంటుంది. స్ప్రింగుల బరువు చేతికి తెలుస్తూ చివరిదాకా వస్తున్నా బండి తిరగకపోతే, లోపలి ప్లేట్లు తుప్పుతో అతుక్కున్నట్టే. నాలుగేళ్లు వానలో తడిసిందన్నారు కాబట్టి నా అనుమానం దీనిమీదే. ఈ క్లచ్ లివర్ లాగితేనే విడుతుంది, మిగతా సమయమంతా స్ప్రింగులు ప్లేట్లను నొక్కిపెట్టే ఉంచుతాయి. ఆ నొక్కుడులోకి నీరు చేరితే ఇంకేముంది!

మీ బండిది పొడి క్లచ్చా, ఆయిల్‌లో మునిగి ఉండేదా అన్నది ముందే తేల్చుకోండి. నేను చెప్పేది పొడి క్లచ్ సంగతి. క్లచ్ గది అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది. అది తీయగానే ఎర్రటి తుప్పునీళ్లు వస్తే సగం జబ్బు తెలిసినట్టే. నీళ్లు పోయాక ప్లగ్ బిగించి, పైనుంచి కిరోసిన్ పోసి, లివర్‌ను వెనక్కి లాగి తాడుతో కట్టి రెండు మూడు రోజులు వదిలేయండి. పెట్రోల్ జోలికి మాత్రం పోవద్దు.

తర్వాత కిరోసిన్ మొత్తం దించేయండి. ఇది మరిచిపోకూడని మాట. చాలా పాత బండ్లలో బ్రేకు పట్టీ కూడా అదే గదిలో, క్లచ్ డ్రమ్ముమీదే ఉంటుంది. అది రాపిడికి వేడెక్కుతుంది. బాగా ఆరనిచ్చాక, మనుషులెవరూ లేని చదును నేలమీదికి బండి తీసుకెళ్లండి. లివర్ కట్టే ఉంచి, ఫస్ట్ గేర్‌లో నడుపుతూ కుడి బ్రేకు గట్టిగా తొక్కి వదలండి. రివర్స్‌లోనూ అంతే. బ్రేకు బయటి డ్రమ్మును పట్టుకుంటుంది, ఇంజిన్ లోపలి డ్రమ్మును తిప్పాలని చూస్తుంది. ఆ పెనుగులాటంతా వాటి మధ్య ప్లేట్లను అతికించిన తుప్పుమీద పడుతుంది. విడినప్పుడు ముందుగా చెప్పి విడదు. బండి ఒక్కసారిగా కుడికి తిరిగిపోతుంది. అందుకే ఖాళీ జాగా అన్నాను.

పది పదిహేనుసార్లకూ కదలకపోతే ఆపేయండి. మొండికేస్తే గేర్ల పళ్లు దెబ్బతినొచ్చు. ఇక విప్పడమే. సీటు, పైమూత, కొన్ని మోడళ్లలో డీజిల్ ట్యాంకు కూడా తీయాలి. ప్లేట్ల ప్యాక్ బయటికి వచ్చాక స్ప్రింగుల బోల్టులను ఒక్కోటీ కొద్దికొద్దిగా, చుట్టూ సమానంగా వదులు చేయాలి. కుర్రతనంలో ఒకసారి నేను ఒక పక్కనే వదులు చేశాను. ప్లేట్లను నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు ఒరిగి, స్ప్రింగు ఎగిరి చెవి పక్కనుంచి పోయింది. ఆ చెవి ఇప్పటికీ ఉందంటే అదృష్టమే.

ప్లేట్లు వంకర పోయాయేమో చూడండి. డ్రమ్ము పళ్లమీద డిస్కులు (రాపిడి పూత ఉన్న ప్లేట్లు) కొరికిన గంట్లు ఉంటే కొత్త డిస్కులు వేసినా అక్కడే తట్టుకుంటాయి. లివర్ లాగినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు ఎలాగూ బయటికి వచ్చింది కదా, మార్చేయండి. సీళ్లు కూడా చూడండి. నీరు చేరితే పట్టేస్తుంది, ఆయిల్ చేరితే జారుతుంది. పాత డిస్కుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టకుండా తడిబట్టతో తుడవండి.

ఇకమీదట బండిని ఎక్కువ రోజులు నిలిపితే రెండు లివర్లూ వెనక్కి కట్టి, పైన పట్టా కప్పండి. ఎడమది తిరుగుతోందని ఊరుకోకండి. అటు పక్క ప్లగ్ కూడా ఈ వారమే తీసి చూడండి.