టెక్ సందేహాలు: మామిడి తోటకీ, స్పితికీ సరిపోయే ఫోర్ బై ఫోర్ ఏది?

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో ఉంటాను. ఇంటికీ ఆఫీసుకూ మధ్య నాలుగు కిలోమీటర్లే. వారానికోసారి బంగారుపాళెం దగ్గర మా మామిడి తోటకు వెళ్తాం. వానాకాలంలో ఆ దారంతా బురదే. వచ్చే ఏడాది భార్య, ఇద్దరు పిల్లలతో హిమాచల్‌లోని స్పితి లోయకు వెళ్లాలని ఉంది. జిమ్నీ, థార్ రాక్స్, స్కార్పియో ఎన్... ఏది తీసుకోమంటారు?

జవాబు: హార్సిలీ హిల్స్‌కో, తలకోనకో అయితే తారు రోడ్డుంది, మామూలు కారు చాలు, డబ్బు మిగుల్చుకోండి అనేవాణ్ని. మీ తోట దారికీ స్పితికీ మాత్రం నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందించే ఫోర్ బై ఫోర్ నిజంగానే పనికొస్తుంది.

షోరూంలో పెద్ద స్క్రీన్, సన్‌రూఫ్ చూపిస్తారు. మీరు ముందు అడగాల్సింది 'లో రేంజ్ ఉందా?' అని. లో రేంజ్ అంటే మెల్లగా, ఎక్కువ బలంతో నడిపే అదనపు గేరు. అది వేస్తే చక్రాలకు వెళ్లే బలం బాగా పెరుగుతుంది. క్లచ్ కాల్చకుండా మనిషి నడిచే వేగంతో రాళ్లెక్కొచ్చు, దిగేటప్పుడు ఇంజినే బండిని ఆపి పట్టుకుంటుంది. ఏడబ్ల్యూడీ (ఆల్ వీల్ డ్రైవ్) అని బ్యాడ్జ్ ఉన్న చాలా ఎస్‌యూవీల్లో ఇది ఉండదు. మీరడిగిన మూడింటికీ ఫోర్ బై ఫోర్ వేరియంట్లలో ఉంది. కాకపోతే రాక్స్‌లో, స్కార్పియో ఎన్‌లో ఫోర్ బై ఫోర్ ఇచ్చేది డీజిల్‌కే.

ఇక్కడే మీ నాలుగు కిలోమీటర్ల ఆఫీసు లెక్కలోకొస్తుంది. బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండి పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రం కావాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి కొంతసేపు నిలకడగా పరుగెత్తాలి. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులే అయితే మూసుకుపోతుంది. మీరు వారం వారం చిత్తూరు మీదుగా హైవే ఎక్కుతున్నారు కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఆ ప్రయాణమే లేకపోతే పెట్రోల్ జిమ్నీ తీసుకోమనేవాణ్ని. సుమారు 1200 కిలోల తేలికపాటి బండి, నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు (గ్రౌండ్ క్లియరెన్స్) 210 మి.మీ., బురదలో సులువుగా బయటపడుతుంది. కానీ నలుగురు కూర్చుంటే డిక్కీలో మిగిలేది 208 లీటర్లే. స్పితికి వేసుకెళ్లే చలి బట్టలు, స్వెటర్లే దాన్ని నింపేస్తాయి. అందుకే నా ఓటు రాక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్‌కి. వెనక డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లాక్ ఉన్న వేరియంటే అడగండి. ఒక చక్రం గాల్లో తిరుగుతుంటే రెండోదానికి బలం అందించేది అదే.

బండి కన్నా ముందు టైర్లు. తోట ఎర్రమట్టి తడిస్తే రోడ్డు టైర్ల గాడులు నిమిషంలో పూడుకుపోతాయి. మట్టిలోనూ రోడ్డు మీదా నడిచే ఆల్ టెరైన్ టైర్లు వేయించుకోండి, 12 వోల్టుల గాలి పంపు, ప్రెషర్ గేజ్ పెట్టుకోండి. మెత్తటి నేలలో గాలి తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. తారు ఎక్కేముందు మళ్లీ నింపాల్సిందే. మీరడిగిన మూడు బళ్లూ పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్‌వే, అంటే అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ బలం ఇస్తాం; ముందు, వెనక చక్రాల మధ్య డిఫరెన్షియల్ లేదు. కాబట్టి పొడి తారు మీద టూ వీల్‌కి మార్చేయండి. లేకపోతే మలుపుల్లో గేర్ల మీద ఒత్తిడి పడి భాగాలు దెబ్బతింటాయి.

స్పితికి వెళ్లే దారిలో గ్రాంఫు నుంచి బాతల్ దాకా రోడ్డు మీదుగానే వాగులు పారతాయి. మధ్యాహ్నానికి మంచు కరిగి నీరు పెరుగుతుంది, పొద్దున్నే దాటేయండి. ఇంజిన్ నీళ్లు మింగి ఆగితే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ మరవకండి. బండి ఇరుక్కుంటే తాడు కట్టాల్సింది రికవరీ హుక్‌కే, ట్రైలర్ తగిలించే టో బాల్‌కి ఎప్పుడూ కాదు. ఆ బాల్ విరిగి ఎగిరితే ప్రాణాలు పోతాయి.

ప్రశ్న: పలమనేరు వైపు ఊళ్లలో సిగ్నల్ ఉండదు. మ్యాప్ ఎలా చూడాలి సార్?

జవాబు: జీపీఎస్‌కి సిగ్నల్ అక్కర్లేదు, మ్యాప్ ఫోన్‌లో ఉంటే చాలు. ఇంటి వైఫైలోనే గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతాన్ని ఆఫ్‌లైన్‌కి దించుకోండి. బండి బాటలూ కాలిబాటలూ కావాలంటే ఓఎస్ఎం‌ఆండ్ అనే మ్యాప్ యాప్ మేలు. అయితే మ్యాప్‌లో బాట కనిపించినంత మాత్రాన అడవిలోకి బండి తిప్పకండి. కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులున్నాయి, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు.